స్కూటర్ పికప్, టాప్ స్పీడ్: రోలర్లా, స్ప్రింగులా, వేరియేటరా, గేర్లా?

పికప్ కావాలా, టాప్ స్పీడ్ కావాలా అని అడిగితే చాలామంది "రెండూ" అంటారు. కోరికలో తప్పేం లేదు. చిక్కేమిటంటే, గేర్ లేని స్కూటర్ ట్రాన్స్‌మిషన్‌లో ఒకదానికి పనికొచ్చే మార్పు రెండోదాన్ని ఎంతో కొంత తినేస్తుంది. పైగా ట్రాన్స్‌మిషన్ కొత్తగా పవర్ పుట్టించదు. ఇంజిన్‌లో ఉన్న పవర్‌ను ఏ ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర వాడుకోవాలో మాత్రమే అది తేలుస్తుంది. కంపెనీ సెట్టింగ్‌లో ఆ పవర్ కొంత వృథా అవుతుంటే దాన్ని రాబట్టుకోవచ్చు. అలా వృథా కాకుంటే ఏ కిట్ కొన్నా డబ్బా రంగే మిగులుతుంది.

అందుకని ఏ పార్ట్ కొనాలి అన్న ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న ఉంది: మీ స్కూటర్ ఇప్పుడు ఎక్కడ ఆగిపోతోంది?

## లోపల జరిగే గుంజులాట

ఇంజిన్ వైపున్న ముందు పుల్లీయే వేరియేటర్. దాని లోపల సాధారణంగా 6 రోలర్లు ఉంటాయి. ఇంజిన్ వేగంగా తిరిగేకొద్దీ అవి అంచు వైపు జరుగుతూ పుల్లీని మూసేస్తాయి, బెల్ట్ పైకి ఎక్కుతుంది. వెనక పుల్లీలో ఒక పెద్ద స్ప్రింగు ఉంటుంది, కాంట్రా స్ప్రింగ్ అంటారు. అది వెనక పుల్లీని మూసి ఉంచుతూ, బెల్ట్‌ను ముందు పుల్లీలో కిందికే లాగుతుంటుంది. రోలర్లకీ స్ప్రింగుకీ మధ్య నడిచే ఈ గుంజులాటే మీ గేర్ మారడం. ముందు బెల్ట్ కింద ఉంటే లో గేర్, అంచు దాకా ఎక్కితే టాప్ గేర్. 1958లో డచ్ కంపెనీ డాఫ్ తన 600 కారులో వాడిన వేరియోమాటిక్‌ది కూడా ఇలా పుల్లీలు విప్పారుతూ మూసుకుంటూ బెల్ట్‌ను నడిపే పద్ధతే.

వెనక పుల్లీ దగ్గరే క్లచ్ షూలు ఉంటాయి. అక్కడినుంచి తిరుగుడు గేర్ ఆయిల్‌లో మునిగి ఉండే కొన్ని పళ్ల చక్రాల ద్వారా వెనక టైరుకు చేరుతుంది. వీటినే ఫైనల్ గేర్లు అంటారు, వీటికి బదులు వేసే జతే గేర్ కిట్. బండి నడుస్తున్నప్పుడు వీటి నిష్పత్తి మారదు.

థ్రాటిల్ పూర్తిగా తిప్పి బయల్దేరితే, బాగా సెట్ అయిన స్కూటర్‌లో ఆర్పీఎం ఒక చోటికి ఎగిరి అక్కడే నిలబడుతుంది, స్పీడ్ మాత్రం పెరుగుతూ పోతుంది. బెల్ట్ అంచుకు చేరాక మళ్లీ ఆర్పీఎం కదలడం మొదలవుతుంది. మధ్యలో ఆర్పీఎం నిలబడే చోటు ఇంజిన్ గరిష్ఠ పవర్ ఇచ్చే ఆర్పీఎంకి ఎంత దగ్గరగా ఉంటే పికప్ అంత బాగుంటుంది. గరిష్ఠ పవర్ ఏ ఆర్పీఎం దగ్గర వస్తుందో బండి మాన్యువల్ స్పెసిఫికేషన్లలో రాసి ఉంటుంది.

## కొనే ముందు రెండు కొలతలు

ఒకటి, ఆర్పీఎం. మీటర్‌లో లేకపోతే, స్పార్క్ ప్లగ్ వైరుకు చుట్టే చిన్న టాకోమీటర్ చాలు. పూర్తి థ్రాటిల్‌లో మధ్య స్పీడ్‌ల దగ్గర ఎంత చూపిస్తోంది, టాప్ స్పీడ్ దగ్గర ఎంత, ఈ రెండూ రాసుకోండి. స్పీడ్‌కి జీపీఎస్ నమ్మండి. బండి స్పీడోమీటర్లు ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించేలానే తయారవుతాయి.

రెండు, మార్కర్ గీత. ఇది నాకు చాలా ఇష్టమైన పరీక్ష. సీవీటీ (ఈ పుల్లీలు, బెల్ట్ ఉన్న ట్రాన్స్‌మిషన్) కవర్ విప్పి, ముందు పుల్లీ మీద బెల్ట్ రుద్దుకునే ముఖాన, మధ్య నుంచి అంచు దాకా పర్మనెంట్ మార్కర్‌తో ఒక గీత గీయండి. కవర్ బిగించి, ఖాళీ రోడ్డు మీద టాప్ స్పీడ్‌కి తీసుకెళ్లి, వచ్చి మళ్లీ విప్పండి. బెల్ట్ ఎక్కడిదాకా ఎక్కిందో అక్కడిదాకా గీత చెరిగిపోయి ఉంటుంది. అంచు దగ్గర ఇంకా అర సెంటీమీటర్ గీత మిగిలి ఉందంటే, మీకున్న టాప్ గేర్‌నే మీ బండి ఇంకా పూర్తిగా వాడుకోవట్లేదు. అలాంటప్పుడు గేర్ కిట్ కొనడం దండగ.

ఈ రెంటినీ కలిపి చదవాలి. గీత పూర్తిగా చెరిగి, టాప్ స్పీడ్ దగ్గర ఆర్పీఎం గరిష్ఠ పవర్ ఆర్పీఎంని దాటిపోతుంటే, ఇంజిన్‌కి ఇంకో పెద్ద గేర్ లాగే ఓపిక ఉందన్నమాట. గీత మిగిలిపోయి, ఆర్పీఎం గరిష్ఠ పవర్ కంటే కింద ఉంటే రోలర్లు బరువెక్కువ. గీత మిగిలిపోయి ఆర్పీఎం మరీ పైకి పోతుంటే రోలర్లు తేలిక, లేదా కాంట్రా స్ప్రింగ్ మరీ గట్టిది. గీత మిగిలినా ఆర్పీఎం సరిగ్గా పవర్ దగ్గరే ఉంటే మాత్రం ట్రాన్స్‌మిషన్‌లో మీరు చేయగలిగింది ఏమీ లేదు. ఆ స్పీడ్‌కి ఇంజిన్ శక్తి అంతే.

ఇదంతా అరగని పార్టులున్న బండికి వర్తించే లెక్క. బెల్ట్ అరిగి సన్నబడితే పుల్లీలో లోతుగా దిగిపోయి టాప్ స్పీడ్ తగ్గుతుంది. రోలర్లకు ఒక పక్క చదును పడితే అవి దొర్లకుండా ఇరుక్కుంటాయి. నా స్కూటర్‌కి 'అప్‌గ్రేడ్' అనుకుని మొదటిసారి కవర్ విప్పినప్పుడు ఆరు రోలర్లలో నాలుగు చదునుగా కనిపించాయి, ఒకటైతే దాదాపు డి అక్షరంలా ఉంది. అదే బరువువి కొత్తవి వేస్తే నేను వెతుకుతున్న పికప్‌లో సగం తిరిగొచ్చింది. బెల్ట్ వెడల్పు కొలిచి సర్వీస్ లిమిట్‌తో (ఇంతకంటే సన్నబడితే మార్చాలి అని చెప్పే కొలత) పోల్చాకే మిగతా ఆలోచన.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

నేను చూసేవి ఇవి: ఎక్కడ లాభం వస్తుంది (బయల్దేరేటప్పుడా, 30 నుంచి 60 మధ్యా, చివర్లోనా), రోజూ ట్రాఫిక్‌లో నడపడానికి ఎలా ఉంటుంది, బెల్ట్‌కీ క్లచ్‌కీ వేడి ఎంత, నచ్చకపోతే వెనక్కి తీయడం ఎంత తేలిక. చివరిది చాలామంది పట్టించుకోరు. రోలర్లు నచ్చకపోతే అరగంటలో పాతవి వేసేయొచ్చు, గేర్‌బాక్స్ విప్పాక అలా కుదరదు.

| మార్పు | పికప్ | టాప్ స్పీడ్ | రోజువారీ నడకలో | వెనక్కి తీయడం |
|---|---|---|---|---|
| తేలిక రోలర్లు | పెరుగుతుంది | మరీ తేలికైతే తగ్గుతుంది | ఇంజిన్ మోత, పెట్రోల్ ఎక్కువ | సులువు |
| బరువు రోలర్లు | తగ్గుతుంది | కొన్నిసార్లు కాస్త పెరుగుతుంది | నెమ్మది, నిశ్శబ్దం | సులువు |
| స్లైడర్లు | దాదాపు అంతే | కొద్దిగా పెరగొచ్చు | మెత్తగా | సులువు |
| స్పోర్ట్ వేరియేటర్ | పెరుగుతుంది | పెరగొచ్చు | సెట్టింగ్‌ను బట్టి | సులువు |
| గట్టి కాంట్రా స్ప్రింగ్ | ఎత్తుల్లో, డబుల్స్‌లో బాగుంటుంది | తగ్గొచ్చు | బెల్ట్ వేడి | మధ్యస్థం |
| గట్టి క్లచ్ స్ప్రింగులు | బయల్దేరేటప్పుడు మాత్రమే | మార్పు లేదు | ట్రాఫిక్‌లో చిరాకు | మధ్యస్థం |
| పెద్ద ఫైనల్ గేర్లు | తగ్గుతుంది | ఇంజిన్‌లో దమ్ముంటే పెరుగుతుంది | ఇంజిన్ ప్రశాంతం | కష్టం |

## రోలర్లు: మొదలుపెట్టాల్సింది ఇక్కడే

రోలర్ తేలికైతే అదే నెట్టుడుకి ఇంజిన్ ఇంకాస్త వేగంగా తిరగాలి. కాబట్టి ఆర్పీఎం నిలబడే చోటు పైకి జరుగుతుంది. ఎంత పైకి అన్నది కాగితం మీదే అంచనా వేయొచ్చు, ఎందుకంటే రోలర్‌ని బయటికి విసిరే బలం బరువుతో పాటూ, ఆర్పీఎం వర్గంతో పాటూ పెరుగుతుంది.

ఒక ఉదాహరణ. 13 గ్రాముల రోలర్లతో మీ బండి ఆర్పీఎం 7000 దగ్గర నిలబడుతోంది, గరిష్ఠ పవర్ 7500 దగ్గర వస్తుంది అనుకోండి. 13ని కొత్త బరువుతో భాగించి వర్గమూలం తీసి 7000తో గుణించండి. 12 గ్రాములకు సుమారు 7290 వస్తుంది. 11కి 7610. పదికి ఏకంగా 7980, అంటే పవర్ శిఖరం దాటి అవతలి పల్లంలోకి. మనకు కావాల్సింది 11.5 దగ్గర ఉంది: సుమారు 7440. ఆ బరువు విడిగా దొరక్కపోతే 12వి మూడు, 11వి మూడు తెచ్చి ఒకటి విడిచి ఒకటి పెడితే సరి. ఒకే బరువువి మూడూ పక్కపక్కన పెట్టొద్దు, బ్యాలెన్స్ పోతుంది.

ఇది అంచనా మాత్రమే. స్ప్రింగు, ర్యాంప్ (వేరియేటర్‌లో రోలర్ ఎక్కే వాలు) ఆకారం, రాపిడి కలిసి కొంత అటూ ఇటూ చేస్తాయి. అయినా గుడ్డిగా నాలుగు సెట్లు కొనడం తప్పుతుంది.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. తేలిక రోలర్లతో ఇంజిన్ గట్టిగా మోగుతుంది, మోగితే బండి దూసుకుపోతున్నట్టే అనిపిస్తుంది. స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే ఒక్కోసారి పాత రోలర్లే ముందుంటాయి. చెవిని నమ్మకండి. ఒకే రోడ్డు, ఒకే మనిషి, టైర్లలో ఒకే గాలి, రెండు వైపులా చెరో మూడు సార్లు. సున్నా నుంచి 60కి పట్టిన టైమ్ రాసుకుని, అప్పుడు నిర్ణయించుకోండి.

అసలు రోలర్లంటేనే టాప్ స్పీడ్ పెరుగుతుందని అనుకునేవాళ్లూ ఉన్నారు. గీత మిగిలిపోయే బండికి సరైన బరువు పడితే నాలుగైదు కిలోమీటర్లు రావచ్చు. ముందే గీత పూర్తిగా చెరిగే బండికి బరువు రోలర్లు వేసినా బెల్ట్ పుల్లీ అంచు దాటి ఎక్కలేదు కదా.

## స్లైడర్లు, స్పోర్ట్ వేరియేటర్

స్లైడర్లు దొర్లవు, జారతాయి. గుండ్రంగా కాకుండా ఒక మూల కోసినట్టు ఉంటాయి. ఆ ఆకారం వల్ల చివర్లో పుల్లీని ఇంకొంచెం మూయగలవు, అంటే బెల్ట్ ఇంకొంచెం ఎక్కగలదు. లాభం చిన్నదే కానీ నిజం. చదును పడే సమస్యా ఉండదు. అమర్చేటప్పుడు దిశ ముఖ్యం. తిరగేసి పెడితే బండి వింతగా ప్రవర్తిస్తుంది, మీరు తప్పు బరువులో ఉందనుకుని వెతుకుతూ కూర్చుంటారు.

స్పోర్ట్ వేరియేటర్ అంటే ర్యాంపుల ఆకారమే వేరుగా ఉన్న పుల్లీ. ఇటలీ కంపెనీలు మలోసి, పోలిని ఈ రంగంలో పాత పేర్లు. ఇవి సాధారణంగా తమ సొంత రోలర్లతో వస్తాయి, మీ పాత బరువుల లెక్క వీటికి పనికిరాదు. మంచి వేరియేటర్‌తో బయల్దేరేటప్పుడు ఇంకాస్త లో గేర్, చివర్లో ఇంకాస్త హై గేర్ రెండూ దొరుకుతాయి. అందుకే మొదట్లో చెప్పిన 'రెండూ' కోరికకి కాస్తైనా దగ్గరగా వచ్చేది ఇదొక్కటే. కానీ పేరులేని రంగురంగుల కిట్లు చాలా తిరుగుతున్నాయి, పైన పటారం లోన లొటారం. మధ్య బుష్ వదులుగా ఉన్న వేరియేటర్ నెలల్లోనే గడగడలాడుతుంది. నాసి కొత్తదానికంటే శుభ్రం చేసిన కంపెనీ వేరియేటర్ వెయ్యి రెట్లు నయం.

50 సిసి స్కూటర్లున్నవాళ్లకి ఒక మాట. కొన్నింటిలో వేరియేటర్ పూర్తిగా మూసుకోకుండా కంపెనీయే ఒక వాషర్ పెడుతుంది, మోపెడ్ చట్టం గీసిన వేగం దాటకుండా. యూరప్‌లో ఆ గీత 45 కి.మీ. వాషర్ తీస్తే వేగం పెరుగుతుంది, కానీ బండి చట్టం దృష్టిలో మోపెడ్‌గా మిగలదు. లైసెన్సు, ఇన్సూరెన్సు రెండూ ప్రశ్నార్థకమే.

## స్ప్రింగులు

కాంట్రా స్ప్రింగ్ గట్టిదైతే ఎత్తు ఎక్కేటప్పుడు, వెనక మనిషి ఉన్నప్పుడు, థ్రాటిల్ తిప్పగానే బెల్ట్ చప్పున లో గేర్‌కి దిగుతుంది. ఓవర్‌టేక్‌లో ఆ తేడా బాగా తెలుస్తుంది. బదులుగా వచ్చే నష్టం ఏమిటంటే, బెల్ట్ నిరంతరం ఎక్కువ ఒత్తిడిలో నలుగుతుంది, వేడెక్కుతుంది, టాప్ దగ్గర రోలర్లు స్ప్రింగుతో పోరాడి ఓడిపోతాయి. ఒకసారి అందుబాటులో ఉన్నవాటిలో అన్నిటికంటే గట్టిది వేసి చూశాను. మార్కర్ గీత మూడో వంతు చెరగకుండా మిగిలింది, కవర్ విప్పితే కాలిన రబ్బరు వాసన. కంపెనీ స్ప్రింగు కంటే ఒక్క మెట్టు గట్టిది చాలు, అదీ మీ స్ప్రింగు మెత్తబడిందనో, పవర్ పెంచిన ఇంజిన్‌లో బెల్ట్ జారుతోందనో తెలిస్తేనే.

క్లచ్‌లోని మూడు చిన్న స్ప్రింగులు గట్టివైతే ఇంజిన్ ఇంకా ఎక్కువ ఆర్పీఎంకి వెళ్లాకే క్లచ్ పడుతుంది. సిగ్నల్ దగ్గర బండి ఎగిరి దూకుతుంది. రేసుకి సరే. కానీ అడుగు అడుగుకీ ఆగే ట్రాఫిక్‌లో షూలు జారుతూ వేడెక్కి, గాజులా నున్నబడి, తర్వాత వణుకు మొదలవుతుంది. రోజూ ఆఫీసుకి నడిపే బండికి నేను వీటిని వద్దనే అంటాను.

## గేర్ కిట్

గేర్లు మారిస్తే లెక్క సూటిగా ఉంటుంది. 90/100-10 టైరు చుట్టుకొలత సుమారు 1.36 మీటర్లు. ఫైనల్ గేర్ నిష్పత్తి 9, బెల్ట్ పూర్తిగా ఎక్కాక దాని నిష్పత్తి 0.8 అనుకుంటే, మొత్తం 7.2. ఇంజిన్ 8000 తిరిగితే చక్రం నిమిషానికి 1111 సార్లు తిరుగుతుంది, అంటే గంటకి సుమారు 90 కి.మీ. ఫైనల్ నిష్పత్తిని 8.2కి మారిస్తే అదే 8000 దగ్గర దాదాపు 99. కిట్ అమ్మేవాళ్లు ఈ అంకె వరకే చెబుతారు.

అసలు అడ్డం గాలి. గాలిని చీల్చడానికి కావాల్సిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. పది శాతం ఎక్కువ వేగానికి దాదాపు మూడో వంతు ఎక్కువ పవర్ కావాలి. మీ ఇంజిన్‌లో అది లేకపోతే 8000కి చేరనే చేరదు, టాప్ స్పీడ్ ఉన్నచోటే ఉంటుంది, లేదా తగ్గుతుంది. ఎత్తుల్లో మాత్రం లాగలేక ఆయాసపడుతుంది. ఉన్నదీ పోయె అన్నట్టు అవుతుంది.

మరి ఎవరికి పనికొస్తుంది? గీత పూర్తిగా చెరిగి, టాప్ దగ్గర ఆర్పీఎం గరిష్ఠ పవర్ దాటిపోయేవాళ్లకి. సిలిండర్ పెద్దది వేసుకుని పవర్ పెంచుకున్నవాళ్లకి. పొడవాటి ఖాళీ రోడ్ల మీద ఒకే వేగంతో గంటల తరబడి నడుపుతూ, ఇంజిన్ అంత అరవకుండా ఉంటే బాగుండు అనుకునేవాళ్లకి. గేర్లు జతగా మార్చాలి, పళ్లు ఒకదానికొకటి సరిపోవాలి, కొత్త ప్యాకింగ్, కొత్త గేర్ ఆయిల్, ఎలాగూ విప్పారు కాబట్టి బేరింగులూ చూడాలి. స్పీడోమీటర్ ముందు చక్రం నుంచి నడుస్తుంటే దానికేం కాదు, గేర్‌బాక్స్ నుంచి అయితే రీడింగ్ తప్పొచ్చు.

## మీరు ఏ రకం

రోజూ ట్రాఫిక్‌లో ఒంటరిగా నడిపేవాళ్లు: కొత్త బెల్ట్, ఆర్పీఎం లెక్క ప్రకారం ఒకటి ఒకటిన్నర గ్రాము తేలిక రోలర్లు. ఇంకేం ముట్టుకోవద్దు.

కొండ దారులు, ఎక్కువగా డబుల్స్: తేలిక రోలర్లు, అవసరమైతే ఒక మెట్టు గట్టి కాంట్రా స్ప్రింగ్. గేర్ కిట్ మాటే ఎత్తొద్దు.

హైవే మనుషులు: కంపెనీ బరువులోనే స్లైడర్లు వేసి గీత చూడండి. పూర్తిగా చెరిగితే గేర్ల గురించి ఆలోచించవచ్చు.

ఇంజిన్‌లో ఇప్పటికే పని చేయించినవాళ్లు: మంచి వేరియేటర్, దానికి తగ్గ బెల్ట్, ఆపైన గేర్లు. ఈ వరసలోనే. ఈసీయూ లేదా సీడీఐలో (ఇంజిన్ స్పార్క్‌ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) ఆర్పీఎం పరిమితి ఉందేమో ముందే కనుక్కోండి.

ఒకేసారి రెండు పార్టులు మార్చొద్దు. లాభం వస్తే దేనివల్లో తెలియదు, నష్టం వస్తే అసలే తెలియదు.

## బిగించేటప్పుడు

వేరియేటర్ విప్పేటప్పుడు, ముందు పుల్లీ ఫ్యాన్ రెక్కల మధ్య స్క్రూడ్రైవర్ గుచ్చి ఆపేవాళ్లను చూశాను. రెక్క విరిగితే ఆ పుల్లీ ముఖం మొత్తం మార్చాలి. పుల్లీ హోల్డర్ వాడండి. బెల్ట్ తాకే ముఖాలకు గ్రీజు, నూనె ఒక్క చుక్క అంటకూడదు. స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. మాన్యువల్ గ్రీజు పెట్టమని చెప్పకపోతే రోలర్లు పొడిగానే వేయాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది బెల్ట్ పట్టు. ముందు నట్ బిగించే ముందు వెనక పుల్లీని చేత్తో విప్పార్చి బెల్ట్‌ను లోతుగా దించాలి, అప్పుడు ముందు వైపు బెల్ట్ వదులుగా ఉంటుంది. అలా చేయకపోతే బెల్ట్ రెండు ముఖాల మధ్య నలిగిపోతుంది. నట్ గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, టార్క్ రెంచ్ కూడా టక్కుమంటుంది, కానీ నిజానికి అది బెల్ట్ మీద బిగిసింది. నాకిలాగే జరిగింది. వారం తర్వాత బెల్ట్ సర్దుకుంది, నట్ వదులైంది, పుల్లీ ముఖం తిరుగుడులో క్రాంక్ షాఫ్ట్ పళ్లను కొరికేసింది. ముప్పై సెకన్ల పని మర్చిపోయినందుకు ఇంజిన్ మొత్తం దించాల్సి వచ్చింది. ఇప్పుడు నట్ బిగించాక ముందు పుల్లీని చేత్తో తిప్పి, బెల్ట్ పైకి తేలి వస్తోందో లేదో చూస్తాను. తర్వాత 100 కి.మీ. నడిపి మళ్లీ కవర్ విప్పి, నట్ టార్క్ ఒకసారి సరిచూసి, కొత్త మార్కర్ గీత గీస్తాను.